నాలుగో పాయింటులో నా కాలు

నా ఎడమ పాదానికి ఇప్పుడు మూడు వేళ్ళున్నాయి. బొటనవేలు, దాని పక్కన రెండు. మిగిలిన రెండు వేళ్ళూ మార్చి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం తీసేశారు. గాయం మానింది. ఇక కట్టు అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. అయినా కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోతున్నాను. లేస్తాను, వసారాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాను, పాదం తిప్పి చూసుకుంటాను, మళ్ళీ కూర్చుంటాను. కూర్చున్నప్పుడల్లా ఆ పదిహేను రోజుల్లో ఎవరు ఏ మాట అన్నారో వరసగా గుర్తొస్తుంది. మా ఆవిడ సుశీల చూసి చూసి, "ఊరికే అట్టా తిరక్కపోతే అదేదో కాయితం మీద పెట్టరాదూ, నాకైనా తల తిరగటం తగ్గుద్ది" అంది. అందుకని రాస్తున్నాను. మనిషి జైల్లో ఉన్న ఇళ్ళవాళ్ళకి ఇందులో ఒకటో రెండో పనికొచ్చే మాటలు దొరకొచ్చు.

నేను అర్జీలు రాసే మనిషిని. మాది శావల్యాపురం మండలంలో కాలువ చివరి ఊరు. నీళ్ళ మీద, కరెంటు మీద, రోడ్డు మీద ముప్పై ఏళ్ళుగా రాస్తూనే ఉన్నాను. ఏ ఆఫీసులో ఎవరు కుర్చీ చూపించారో, ఎవరు నిలబెట్టి మాట్లాడారో నాకు గుర్తుంటుంది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నా కాలికి జరిగినదానిలో ఈ గుణానికి కూడా వాటా ఉంది. ఎంత వాటా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

ఫిబ్రవరి నెలాఖరు, శుక్రవారం

మిరప చేలు చివరి తడి కోసం చూస్తున్నాయి. పై ఊళ్ళకి నీళ్ళు పారుతున్నాయి, మా తూముకి మాత్రం తాళం. అర్జీలు పెట్టాను, జవాబు లేదు. గునపం తీసుకుపోయి తాళం పగలగొట్టాను. అడ్డొచ్చిన లస్కరుని, అంటే కాలువ గేట్లు చూసే ఉద్యోగిని, పక్కకి నెట్టాను. అతను గట్టు మీద నుంచి జారిపడ్డాడు. నెట్టిన మాట నిజం. కొట్టానని రాశారు, అది అబద్ధం. ఆ సంగతి కోర్టులో ఉంది, ఇక్కడ దాని జోలికి పోను.

పోలీసులు నన్ను పక్క పత్తి చేలోంచి నడిపించుకుపోయారు. చెప్పులు గట్టు మీదే ఉండిపోయాయి. పత్తి కొట్టేసిన చేను, మోళ్ళు పైకి లేచి ఉన్నాయి. ఒక మోడు ఎడమ పాదంలో దిగింది. నాకు తెలియలేదు. పన్నెండేళ్ళుగా షుగరు, పాదాలకి స్పర్శ తక్కువ. జీపులో రక్తం చూసి ఒక కానిస్టేబులు, "ఏందయ్యా, జీపంతా ఖరాబు చేస్తన్నావు" అన్నాడు. ఆయన బెంగ జీపు గురించి.

రిమాండుకు ముందు ఆసుపత్రిలో చూపించారు. అక్కడి డాక్టరు నన్ను అడగలేదు. నా పక్కనున్న కానిస్టేబుల్ని అడిగాడు.

"ఇతనికి జబ్బులేమన్నా ఉన్నాయా?"

"ఏం లేవు సార్. గట్టి పిండమే."

"షుగరుంది. పొద్దున, సాయంత్రం ఇంజెక్షన్" అని నేనే గట్టిగా చెప్పాను. డాక్టరు తలెత్తకుండా రాసుకున్నాడు. పాదానికి దూది పెట్టి కట్టారు. ఆ కాగితం పోలీసు ఫైల్లో కోర్టుకి పోయి అక్కడే ఉండిపోయింది. నాతోపాటు జైలుకి వచ్చింది వారంటు ఒక్కటే. వారంటులో నేరం ఉంటుంది, జబ్బు ఉండదు. ఈ సంగతి నాకు చాలా రోజుల తరువాత తెలిసింది. ఆ రోజు మాత్రం, రాసుకున్నారు కదా, వీళ్ళందరికీ తెలుసు అనుకున్నాను.

మొదటి నాలుగు రోజులు

జిల్లాలో ఒక సబ్ జైలు. ఏ ఊరిదో అర్జీలో రాశాను, ఇక్కడ అక్కర్లేదు. గేటు దగ్గర మొలతాడు కూడా తీయించారు. మందుల సంగతి చూసేది బ్రహ్మం అనే వార్డరు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు.

"ఏం జబ్బు నీకు?"

"షుగరు. ఇంజెక్షన్ మీద ఉన్నాను."

"ఈడ సగం మందికి షుగరే. ఇదిగో తెల్ల మాత్ర. ఇంజెక్షనంటే డాక్టరమ్మ రాయాల. గురువారం వస్తది."

నువ్వు అన్నాడు. ఏకవచనం. అది నేను అక్కడే మనసులో రాసుకున్నాను. పాదం సంగతి చెప్పాలనిపించలేదు. కట్టు కట్టారు కదా, మానుతుందిలే అనుకున్నాను.

బ్యారక్‌లో నా పక్క చోటు సైదులుది. మాచర్ల వాడు, లారీ డ్రైవరు, యాక్సిడెంట్ కేసు. మొదటి రోజే నన్ను బాబాయ్ అన్నాడు. స్నానాల దగ్గర కుళాయి కారుతూ ఉండేది, కింద ఎప్పుడూ మురుగు. చెప్పుల్లేకుండా ఆ తడిలోనే నడిచేవాణ్ణి. కట్టు తడిసేది, ఆరేది, మళ్ళీ తడిసేది.

మంగళవారం ములాఖత్‌కి సుశీల వచ్చింది. ఇంటి దగ్గర వాడే ఇంజెక్షన్ మందు ఐసు ముక్కల మధ్య పెట్టి, స్టీలు క్యారియర్‌లో రెండు బస్సులు మారి తెచ్చింది. గేటు దగ్గర, "బయటి మందు లోపలికి రాదమ్మా, డాక్టరు కాయితం ఉండాల" అని తిప్పేశారు. ఎండలో గంటసేపు నిలబెట్టి ఆ తరువాత లోపలికి పంపారు. వల అవతల నిలబడి ఆమె అడిగిన మొదటి మాట నా కాలి గురించే. నేను కుంటడం చూసింది.

"కాలికేమైంది?"

"ఏం లేదు, గీరుకుంది. నిన్ను ఎండలో నిలబెట్టిందెవరు? పేరు తెలుసుకున్నావా?"

"పేరెందుకు నాకు! కాలు చూపించు."

"అన్నిటికీ కలిపి అర్జీ పెడతాను."

"కాలెట్టుందయ్యా అంటే అర్జీ అంటావేంది!"

టైము అయిపోయిందని పంపేశారు. ఆమె క్యారియర్ పట్టుకుని వెనక్కి చూస్తూ పోయింది. ఐసు కరిగి ఆమె చీర కుచ్చిళ్ళ మీద నీళ్ళు కారుతున్నాయి.

ఆ మధ్యాహ్నమే కాగితం అడిగి తీసుకుని అర్జీ రాశాను. ఒకటిన్నర పేజీ, ఆరు పాయింట్లు. ఒకటి, కుళాయి. రెండు, సిబ్బంది ఏకవచనంలో పిలవడం. మూడు, నా భార్యను ఎండలో నిలబెట్టి, మందు తిప్పి పంపడం. నాలుగు, నా ఎడమ పాదం గాయం, రంగు మారుతోంది, డాక్టరుకి చూపించాలి. ఐదు, మజ్జిగలో నీళ్ళు. ఆరు, పేపరు ఇవ్వకపోవడం. నాకు ఏ వరసలో కోపం వచ్చిందో ఆ వరసలో రాశాను. జైలరు దాన్ని తీసుకున్నాడు, రిజిస్టర్లో ఎక్కించాడు, నంబరు వేశాడు. ముప్పై ఏళ్ళలో ఇంత తొందరగా నంబరు వేసిన ఆఫీసరు లేడు. నాకు తృప్తిగా కూడా అనిపించింది.

గురువారం

జైల్లో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. ఇది తెలియకే నా వేళ్ళు పోయాయి. లోపల జబ్బు రెండు దారుల్లో పోతుంది. నోటితో చెప్పింది మందుల వార్డరు దగ్గరికి, అక్కడి నుంచి గురువారం వచ్చే డాక్టరమ్మ దగ్గరికి పోతుంది. కాగితం మీద రాసింది జైలరు దగ్గరికి, అక్కడి నుంచి పై ఆఫీసుకి పోతుంది. జవాబు వచ్చేదాకా కింద ఎవరూ దాన్ని తాకరు. నోటి మాట గోడ దాటదు కానీ గురువారం రాగానే డాక్టరుని చేరుతుంది. అర్జీ ఊళ్ళు దాటుతుంది కానీ పక్క గదిలో కూర్చున్న డాక్టరుకి చేరదు.

గురువారం పొద్దున వరండాలో బల్ల వేశారు. డాక్టరమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెళ్ళో స్టెత్, మాటిమాటికీ వాచీ చూసుకుంటోంది. ఆసుపత్రిలో ఓపీ వదిలి వచ్చిందట. జబ్బున్నవాళ్ళం వరసలో నిలబడ్డాం. బ్రహ్మం పేర్లు రాసుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగాడు.

"నీది కాయితం పోయిందిగా పైకి. నువ్వు పక్కనుండు."

"అందులో కాలి సంగతి కూడా ఉంది."

"అదే చెప్తన్నా. ఒకదానికి రెండు దార్లు పెడితే సారు నన్ను తిడతాడు. పక్కనుండు."

సైదులు వెనక నుంచి, "బాబాయ్, ఏం ఖర్మ, నోరు తెరిచి చెప్పు, ఆమె ఈడే ఉందిగా!" అన్నాడు.

నేను చెప్పలేదు. వరస నుంచి బయటికి వచ్చి, చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను. డాక్టరమ్మకి నాకు మధ్య నాలుగడుగులు. ఒకసారి నా వైపు చూసి, "ఆయన?" అని అడిగింది. బ్రహ్మం, "ఆయనది పైకి పోయింది మేడమ్" అన్నాడు. బెయిలు సంగతేమో అనుకుందట ఆమె. తల ఊపి తరువాతి మనిషిని పిలిచింది.

ఎందుకు చెప్పలేదని ఇప్పటికి ఎంతోమంది అడిగారు. ఆఫీసుల్లో నేను నేర్చుకున్నది ఒకటే. అర్జీ ఇచ్చినవాడు మళ్ళీ నోటితో బతిమాలుకుంటే ఆ అర్జీ చచ్చిపోతుంది. "సరే చూద్దాంలే" అని భుజం తట్టి పంపేస్తారు, కాగితం ఫైల్లో పడుకుంటుంది. నంబరు పడ్డాక నంబరుతోనే పిలవాలి. అలా పిలిపించుకుని నీళ్ళు తెచ్చాను, స్తంభాలు వేయించాను. ఆ రోజూ పిలుస్తారనే నిలబడ్డాను. ఆమె బల్ల మీది కాగితాలు సర్దుకుని, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. గేటు మూసిన చప్పుడు విన్నాక పాదం సంగతి ఒక్కసారిగా గుర్తొచ్చింది.

ఆ తరువాతి వారం

శనివారం సైదులు దుప్పటి దులుపుతూ, "బాబాయ్, నీ పక్క కింద ఎలకేమన్నా చచ్చిందా?" అన్నాడు. బ్యారక్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాడు కిందంతా వెతికి, చివరికి నా కట్టు దగ్గర ముక్కు పెట్టి ఆగిపోయాడు. నవ్వడం మానేశాడు. కట్టు విప్పాడు. చిటికెన వేలు నల్లగా ఉంది. పక్క వేలు ఊదా రంగులోకి తిరుగుతోంది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నన్ను మోసం చేసింది.

ఆ రోజు నుంచి వాడే పొద్దున్నే వంట దగ్గర వేన్నీళ్ళు, ఉప్పు అడిగి తెచ్చి కడిగేవాడు. తన తువ్వాలు చింపి కట్టేవాడు. "మా నాయన కాలు కూడా ఇట్టా పట్టుకోలేదు బాబాయ్ నేను" అనేవాడు. నా తమ్ముడితో నేను పదేళ్ళుగా మాట్లాడటం లేదు. వాడెవడో నా కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

లెక్కింపుకి జైలరు వచ్చినప్పుడు సైదులే అరిచాడు.

"సార్, బాబాయ్ కాలు కుళ్ళిపోతంది సార్! డాక్టరమ్మకి ఫోన్ కొట్టండి."

జైలరు దూరం నుంచే చూశాడు. చెడ్డవాడు కాదు. మనిషి ఎప్పుడూ ఏదో తప్పు దొరుకుతుందేమోనని భయపడుతూ ఉంటాడు.

"అర్జీ పంపాంగా. జవాబు రానియ్."

"జవాబొచ్చేలోగా కాలుండాలిగా సార్!"

"ఒరేయ్ సైదులూ, నోరు అదుపులో పెట్టుకో. ఆమె నంబరు నా దగ్గర ఉండదు. ఆసుపత్రికి లెటర్ పెట్టాల. పైన పెండింగులో ఉన్నదాన్ని కింద నుంచి నేను మళ్ళీ కదిపితే, అర్జీలో రాసిందంతా నిజమేనని నేనే ఒప్పుకున్నట్టవుద్ది." నా వైపు తిరిగి, "సిబ్బంది మీద రాశావుగా కోటేశ్వరరావు, దానికి సంజాయిషీ అడుగుతారు. అది తేలేదాకా ఆగు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. రెండో పాయింటు నాలుగో పాయింటుని పట్టుకుని కూర్చుంది. నేనే దాన్ని అక్కడ కూర్చోబెట్టాను.

జ్వరం మొదలైంది. నోరు ఎండిపోయేది, కుండెడు నీళ్ళు తాగినా ఆరేది కాదు. కళ్ళు మసకలు. పడుకుంటే లేవాలనిపించేది, లేస్తే తల తిరిగేది. గోడకి చెయ్యి ఆనించి బ్యారక్ చుట్టూ తిరుగుతూ ఉండేవాణ్ణి. రెండో మంగళవారం సుశీల వచ్చినప్పుడు కాలు వల మీదకి ఎత్తి చూపించమంది. ఎత్తలేకపోయాను. ఆమె అరిచింది, గేటు దగ్గర కూర్చుని ఏడ్చింది. లాయరుకి ఫోన్ చేస్తే, "శుక్రవారం కోర్టు ముందుకొస్తాడు కదమ్మా, అప్పుడు చెప్పిద్దాం" అన్నాడట.

గురువారం ఈసారి నోరు తెరవాలని నిశ్చయించుకున్నాను. వరసలో మొదట నిలబడ్డాను. బ్రహ్మం కూడా ఏమీ అనలేదు. బల్ల వేశారు. పన్నెండు దాకా నిలబడ్డాం. డాక్టరమ్మ రాలేదు. ఆమెని ఎక్కడో వైద్య శిబిరానికి వేశారట. ఆసుపత్రి వాళ్ళు జైలుకి చెప్పలేదు, జైలు వాళ్ళు ఆసుపత్రిని అడగలేదు. బల్ల తీసేశారు.

పద్నాలుగో రోజు, శుక్రవారం

రిమాండు పొడిగించడానికి ఇప్పుడు కోర్టుకి తీసుకుపోరు. జైల్లోనే ఒక గదిలో తెర ముందు కూర్చోబెడతారు. తెర మీద మేజిస్ట్రేటు కనిపిస్తుంది. ఆమెకి మన తల, భుజాలు కనిపిస్తాయి. మనిషికి అర నిమిషం. పేరు పిలుస్తారు, చూస్తారు, తేదీ చెప్తారు, లేవాలి.

నా పేరు పిలిచారు. జైలరు నా పక్కన నిలబడ్డాడు. లాయరు తెర మీద ఒక మూల కనిపించాడు, మాట వినిపించడం లేదు. మేజిస్ట్రేటు కిందికి చూసి రాసుకుంటోంది. ఆమె పెన్ను ఆగేలోపు నేను రెండు చేతులతో ఎడమ కాలు పట్టుకుని ఎత్తి బల్ల మీద, కెమెరా ముందు పెట్టాను.

"ఏయ్! దించు! దించు కాలు!" అని జైలరు నా మోకాలు పట్టుకున్నాడు.

"ఏమిటది?" అంది తెరలోంచి.

"కాలండీ" అన్నాను. "నా కాలు."

"దించొద్దు. ఉండనివ్వండి. కట్టు విప్పండి."

సైదులు కట్టిన తువ్వాలు గుడ్డని జైలరే విప్పాల్సి వచ్చింది. ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మేజిస్ట్రేటు తెరకి దగ్గరగా వంగింది.

"వైద్యం చేయిస్తున్నారా?"

"అర్జీ పై ఆఫీసుకి పంపాం మేడమ్."

"నేను అర్జీ గురించి అడగలేదు."

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి రిపోర్టు పంపమంది. న్యాయస్థానం ముందు కాలు బల్ల మీద పెట్టినవాణ్ణి మా మండలంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ రోజు నాకు సిగ్గు వేయలేదు. ఇప్పుడూ వేయడం లేదు. తోడు వచ్చే పోలీసులు దొరికేసరికి మాత్రం మరుసటి రోజయింది.

శనివారం, ఆసుపత్రి వరండా

నాతో వచ్చిన కానిస్టేబులు కరీముల్లా. జీపు దిగగానే తన చెప్పులు విడిచి నా ముందు పెట్టాడు. "ఏసుకో పెద్దాయనా. నాకు అలవాటే" అన్నాడు. ఆ చెప్పులు నా వాచిన పాదానికి పట్టలేదు. కుడి కాలికి ఒకటే వేసుకున్నాను. ఆయన వట్టి కాళ్ళతో ఆ వరండా అంతా నా కాగితాలు పట్టుకుని తిరిగాడు. ఆయన మేలు కూడా నాకు గుర్తుంటుంది. గుర్తుండేవి చెడ్డవి మాత్రమే కాదు.

ఎముకల డాక్టరు చూసి, "ఈ రెండు వేళ్ళూ ఇవాళే తీసెయ్యాలి. సోమవారం దాకా ఆగితే చీలమండ దాకా పోవచ్చు" అన్నాడు. అదీ కరీముల్లాతోనే అన్నాడు. లాయరు చెబితే వచ్చిన సుశీల స్తంభం దగ్గర నిలబడి వింటోంది. దగ్గరికి రానివ్వడం లేదు.

అక్కడే గురువారం డాక్టరమ్మ కనిపించింది. నా ముఖం చూసి ఆగింది.

"మీరు ఆ రోజు గోడ పక్కన నిలబడ్డాయన కదూ?"

"అవును."

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"రాసిచ్చాను."

"నాకేం రాలేదు."

జైలు నుంచి వచ్చిన ఫైల్లో నా అర్జీ నకలు ఉంది. కరీముల్లా తీసి ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది. కుళాయి, ఏకవచనం, ఎండ, అన్నీ దాటుకుంటూ ఆమె కళ్ళు కిందికి దిగడం చూశాను. ఒక చోట ఆగాయి. "నాలుగోదా" అంది, అంతే. కాగితం మడిచి ఇచ్చేసింది. నన్ను ఎంతమంది ఎన్ని అన్నా ఆ ఒక్క మాట తగిలినట్టు ఏదీ తగల్లేదు.

తరువాత సంతకం గొడవ వచ్చింది. ఖైదీ కాబట్టి జైలు నుంచి లెటర్ లేకుండా ఆపరేషన్ చేయలేమని ఆసుపత్రి గుమాస్తా అన్నాడు. కరీముల్లా జైలుకి ఫోన్ చేశాడు. ఆసుపత్రి నుంచి లెటర్ వస్తే చూసి జవాబిస్తానని జైలరు అన్నాడు. గుమాస్తా, "ముందు వాళ్ళ లెటర్ రానియ్యండి" అన్నాడు. జైలరు, "ముందు వాళ్ళని పంపమను" అన్నాడు. రెండు లెటర్లూ ఒకదాని కోసం ఒకటి కూర్చున్నాయి. గడియారం ఒంటి గంట దాటింది.

"కాలు నాది! నేను పెడతా సంతకం!" అని స్ట్రెచర్ మీద నుంచి అరిచాను.

"నువ్వు కస్టడీలో ఉన్నావయ్యా" అన్నాడు గుమాస్తా.

"నేను కస్టడీలో ఉంటే, కుళ్ళు కూడా కస్టడీలో ఉంటదా? ఆగమంటే ఆగుద్దా?"

స్తంభం దగ్గర నుంచి సుశీల, అడ్డంగా నిలబడ్డ రెండో కానిస్టేబుల్ని తోసుకుని వచ్చేసింది. డాక్టరమ్మ దగ్గరికి పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఈ మనిషి రాయటమే గానీ చెప్పుకోవటం చేతకాదు. నేను చెప్తన్నా. నువ్వు ఆ జైలాయనతో మాట్లాడు. నీ నోటితో మాట్లాడు."

డాక్టరమ్మ కరీముల్లా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"సార్, గురువారాలు వచ్చే డాక్టర్ని. మీ కోటేశ్వరరావుకి వెంటనే ఆపరేషన్ చేయాలి... లేదు సార్, ఆయన సంతకం ఆయనే పెట్టొచ్చు, తెలివిలో ఉన్నాడు... మీకు సమాచారం ఇస్తున్నాను, అనుమతి అడగడం లేదు... రాసి కూడా పంపుతాను... అవును, షుగర్ ఇంజెక్షన్ మీద ఉన్నాడు. మీకు తెలియదా? నాకూ తెలియదు సార్... నా నంబరు రాసుకోండి. మీది చెప్పండి."

రెండు నిమిషాలు పట్టింది. ఆ ఇద్దరూ రెండేళ్ళుగా ప్రతి గురువారం ఒకే పైకప్పు కింద టీ తాగుతున్నారట. ఒకరి నంబరు ఒకరి దగ్గర లేదు.

మూడు గంటలకి లోపలికి తీసుకుపోయారు. నడుం కింద మొద్దుబారింది కానీ తెలివిగానే ఉన్నాను. పళ్ళెంలో ఏదో పడిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.

ఆ తరువాత

బెయిలు వచ్చింది. ఆసుపత్రిలో మరో మూడు వారాలున్నాను. నాతో పడలేక కట్టు కట్టే నర్సు, "తాతా, నువ్వు కదిలితే నేను ఏడుస్తా" అని బెదిరించేది. ఇంటికి వచ్చాక ఏప్రిల్లో నా అర్జీకి జవాబు వచ్చింది. "తమరి అర్జీలోని ఒకటవ అంశమైన కుళాయి మరమ్మతు చేయించడమైనది. మిగిలిన అంశములు పరిశీలనలో ఉన్నవి." సుశీల దాన్ని చదివి, మళ్ళీ చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంత నవ్వు చాలా రోజులకి. నాకు మాత్రం నవ్వు రాలేదు. మళ్ళీ అర్జీ రాశాను. ఈసారి ఒకటే పాయింటు.

మీ మనిషి ఎవరైనా లోపల ఉంటే, ములాఖత్‌లో అన్నం తిన్నావా అని అడగడం తరువాత. ముందు పాదాలు, చేతులు చూపించమనండి. వాడే మందు పేరు ఒక చీటీ మీద డాక్టరు చేత రాయించి మీరే పట్టుకెళ్ళండి, ఏ ఫైలూ దాన్ని మోసుకొస్తుందని నమ్మకండి. డాక్టరు వచ్చే రోజున నోరు తెరవమని చెప్పండి. తరువాత ఎన్ని అర్జీలైనా పెట్టుకోవచ్చు. ఇది రాయడానికి నాకెంత కష్టంగా ఉందో నన్ను ఎరిగినవాళ్ళకి తెలుసు.

సైదులు బెయిల్ మీద వచ్చాక ఫోన్ చేశాడు. డాక్టరమ్మ ఇప్పుడు బల్ల దగ్గర కూర్చునే ముందు జైలరు గదిలోకి పోయి అర్జీల రిజిస్టరు అడిగి పేజీలు తిప్పుతుందట. "నీ పేరు మీద పడిందిలే బాబాయ్ ఆ అలవాటు" అన్నాడు. మంచిదే. దానికి నా వేళ్ళు ఎందుకు కావాల్సి వచ్చాయన్నది నా ప్రశ్న.

ఆ రెండో అర్జీ మీద జూన్‌లో విచారణకి నరసరావుపేట పిలిచారు. మేడ మీద గది. నేను, డాక్టరమ్మ, జైలరు, బ్రహ్మం ఒకరి తరువాత ఒకరం లోపలికి వెళ్ళి చెప్పి వచ్చాం. చివరికి విచారణ చేస్తున్న అధికారి నన్ను మళ్ళీ పిలిచాడు. కుర్చీ చూపించాడు, అది చెప్పాలి.

"చూడండి, అర్జీ అందిన రోజే నమోదు చేశారు, పైకి పంపారు. డాక్టరు గారు తన ముందుకొచ్చిన వాళ్ళందరినీ చూశారు. ఎవరి వైపు నుంచీ నిబంధన తప్పలేదు. ఇప్పుడు అంతా సరిదిద్దారు కూడా. సమస్య పరిష్కారమైనట్టు ఇక్కడ ఒక సంతకం పెడితే ఫైలు మూసేస్తాం."

"పెట్టను" అన్నాను.

"ఎవరి మీద చర్య కావాలి మీకు? పేరు చెప్పండి."

ఆ ప్రశ్న కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. పేర్లన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. జీపు ఖరాబైందన్నవాడు, నన్ను వదిలి కానిస్టేబుల్ని అడిగిన డాక్టరు, పక్కనుండమన్నవాడు. గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డవాడు కూడా ఆ వరసలో వచ్చాడు. ఒక్క పేరూ చెప్పలేకపోయాను. సంతకమూ పెట్టలేదు. లేచి బయటికి వచ్చాను. సుశీల, "పెట్టేస్తే పీడా వదిలేదిగా" అంటూ చెప్పులు తేవడానికి ముందుగా కిందికి దిగింది.

మెట్లు ఇరుకు. ఒక్కొక్క మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగాలి నేను. సగం దిగాక వెనక బూట్ల చప్పుడు వచ్చి ఆగింది. తిరిగి చూస్తే జైలరు. దాటిపోయే చోటు లేదు. నేను ఒక మెట్టు దిగితే ఆయనా ఒకటి దిగి ఆగుతున్నాడు. అలా నాలుగైదు మెట్లు దిగాం.

"కాలెట్లుంది?" అన్నాడు.

నన్ను ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. విచారణ గదిలో కూడా అడగలేదు. కాగితం మీద ఉంది చదువుకో అనాలనిపించింది. గోడ పట్టుకుని ఆగాను.

"మానింది. కానీ పొద్దున లేవగానే మడమ దాకా తిమ్మిరి. నడుస్తుంటే లేని వేళ్ళు దురద పెడతాయి. మెట్లంటే భయం" అన్నాను.

ఆయన పైమెట్టు మీద నిలబడి, వాచీ చూసుకోకుండా చివరి దాకా విన్నాడు. తరువాత ఒక మెట్టు దిగి, నా పక్కకి ఒదిగి, మోచెయ్యి అందించాడు. నేను పట్టుకోలేదు. గోడ పట్టుకునే దిగాను. కింద దాకా ఆయన ఆ మోచెయ్యి అలాగే చాపి ఉంచాడు.